కవచం లోపల రెండు పొరలు

"ఇంకా కూర్చునే ఉందా?" ఆదినారాయణ మూడోసారి అడిగాడు.

"ఆఁ" అంది రాజ్యలక్ష్మి, కిటికీ వైపు చూడకుండానే. చూడక్కర్లేదు. పుష్పవల్లి పోర్టికో మెట్ల మీద ఏడింటికి కూర్చుంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. వాచ్‌మన్ రెండుసార్లు వెళ్ళిపొమ్మన్నాడు, ఒకసారి బతిమాలాడు. ఆమె ఒళ్ళోని పెద్ద కవరు తీసి అతనికి చూపించింది తప్ప లేవలేదు. కవరులో ఆమె మొగుడు తిరుమలేశ్ ఛాతీ స్కాన్ ఫిల్ములున్నాయి.

తిరుమలేశ్ మూడేళ్ళు ఆదినారాయణ దగ్గర నల్ల పొడి కలిపాడు. సినిమాల్లో రాజులకూ, సేనాపతులకూ, ఆకాశంలోంచి ఊడిపడే వీరులకూ కవచాలు కావాలంటే ఫిల్మ్‌నగర్‌లోని ఆదినారాయణ వర్క్‌షాప్‌కే రావాలి. ఇనుములా కనబడాలి, వేసుకుంటే బరువు తెలియకూడదు. ఆ తేలికతనం ఎక్కడినుంచి వస్తుందో ఆయన బయటివాళ్ళకు చెప్పడు. జిగురులో కలిపే ఆ పొడి పేరు ఇంట్లో కూడా ఎవరూ అనరు. నల్ల పొడి, అంతే.

"పేరేదో చెప్పి పంపించెయ్యచ్చుగా. ఆవిడ ఇంకేమీ అడగట్లేదుగా" అంది రాజ్యలక్ష్మి.

"పేరు చెబితే ఏమవుతుందో నీకు తెలీదు రాజ్యం."

"చెప్పకపోతే ఏమవుతుందో తెలుసు. రేప్పొద్దున అతని ఛాతీ కోస్తారు."

ఆదినారాయణ పెసరట్టు ముక్క అల్లప్పచ్చడిలో అద్దాడు. నోట్లో పెట్టుకోలేదు.

నిన్న సాయంత్రం పుష్పవల్లి రాజ్యలక్ష్మికి ఫోన్లో ఏడవకుండా, ఒక్కొక్క ముక్కే చెప్పింది. అయిదు నెలలు టీబీ మందులు మింగాడు. కళ్ళెలో పురుగు ఎప్పుడూ కనబడలేదు, అయినా ఎక్స్‌రే చూసి మింగమన్నారు. దగ్గు తగ్గలేదు సరికదా, కృష్ణానగర్‌లో తను అద్దెకున్న రెండో అంతస్తు గదికి మెట్లెక్కలేని స్థితికి వచ్చాడు. పెద్దాసుపత్రిలో జగదీశ్ అనే డాక్టరు చూసి, ఇది టీబీ కాదు, ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడ్డాయన్నాడు. పనిలో ఏం పీల్చేవాడని అడిగాడు. నల్ల రంగు అని చెప్పారు వీళ్ళు. రంగు పేరు కావాలి, దాంతోపాటు వచ్చే కాగితం కావాలి అన్నాడట. అది చూస్తే కోత తప్పించవచ్చేమో, తప్పుతుందని మాట మాత్రం ఇవ్వలేను. లేకపోతే ముక్క తీసి పరీక్ష చెయ్యాలి, ఇప్పుడున్న ఊపిరితో బల్ల మీంచి లేస్తాడన్న ధైర్యం నాకు లేదు అన్నాడట.

"ఊళ్ళో దుమ్ముకు కరువొచ్చిందా?" అన్నాడు ఆదినారాయణ. "యూసుఫ్‌గూడలో రోడ్డు తవ్వి ఎన్నాళ్ళయింది? రోజూ ఆ దారినే వచ్చేవాడు. అదీ కాక బీడీ."

"మాల వేసుకున్న ఏడే బీడీ మానేశాడు. మీరే మెచ్చుకున్నారు అందరి ముందూ."

"మా నాన్న తణుకు రైస్‌మిల్లులో ముప్ఫయ్యేళ్ళు ఊకలో నిలబడ్డాడు. తలకి తడిగుడ్డ, సాయంత్రం దిగేటప్పుడు బెల్లంముక్క. దుమ్మంతా గొంతులోంచి దిగిపోయేది. ఎనభై రెండేళ్ళు బతికాడు మహానుభావుడు. మనమూ పెడుతున్నాంగా? లోటు చేశామా?"

మనమూ అన్న ఆ మాట రాజ్యలక్ష్మికి మెడ మీద చెయ్యి వేసినట్టు తగిలింది. పెట్టింది ఆయన కాదు. తనే. రోజూ సాయంత్రం అయిదున్నరకు స్టీలు డబ్బాతో వర్క్‌షాప్‌కి వెళ్ళి, వరసలో నిలబడ్డ పనివాళ్ళందరి చేతుల్లో తన చేత్తో బెల్లంముక్క పెట్టేది. అనకాపల్లి నుంచి తెప్పించిన బెల్లం. తిరుమలేశ్ వరసలో ఆఖరున వచ్చేవాడు. చేతులు ఎంత కడిగినా గోళ్ళ చుట్టూ నలుపు. ముక్కుపుటాల దగ్గర నలుపు. "కాటుక ముక్కుకు పెట్టుకున్నావేంటయ్యా?" అని తను నవ్వితే, "పెండ్లాం కండ్లకు పెట్టుకుంటది, నేను ముక్కుకు పెట్టుకుంట. ఇద్దరం సమానం అమ్మా" అనేవాడు. అందరూ నవ్వేవారు. తనూ నవ్వింది. అదే ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

మేడ మీంచి సుహాస్ దిగి వచ్చాడు. తడి జుట్టు, చెవి దగ్గర ఫోన్. వర్క్‌షాప్‌కి మూడేళ్ళ క్రితం ఈ పొడి తెచ్చినవాడు వాడే. ఎం.టెక్. చదివిన కొడుకు ఉద్యోగానికి పోకుండా తండ్రి పనిలో చెయ్యి వేశాడని చుట్టాలందరి దగ్గరా ఆమె చెప్పుకుని మురిసింది.

"నాలుగింటికి హీరోగారు ట్రయల్‌కి వస్తున్నారు" అన్నాడు ఫోన్ పెట్టేసి. "అమ్మా, లైనింగ్ అయిందా?"

"బయట ఎవరున్నారో చూశావా?"

"చూశాను. వెళ్ళిపోతుందిలే."

"ఆ పొడి పేరేంట్రా?"

సుహాస్ తండ్రి వైపు చూశాడు. ఆదినారాయణ పళ్ళెం వైపు చూశాడు.

"అమ్మా, అది విషం కాదు. క్రికెట్ బ్యాట్లలో వేస్తారు, సైకిళ్ళలో వేస్తారు, బ్యాటరీల్లో వేస్తారు. ఒకసారి జిగురులో కలిసి గట్టిపడిపోయాక దానిపాటికది పడుంటుంది."

"గట్టిపడ్డాక సరే. కలిపేవాడి సంగతి?"

"మనుషులకు హాని చేస్తుందని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు."

"నిరూపించడానికి మన తిరుమలేశ్ దొరికాడా?"

వాడి మొహం ఎర్రబడింది. ఆదినారాయణ లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. అక్కడినుంచే, నీళ్ళ చప్పుడులో, "నన్నడక్కు. ఆ ఇంగ్లీషు వ్యవహారాలన్నీ వాడివే. నాకు పొడి వచ్చిందా, కవచం కుదిరిందా, అంతవరకే" అన్నాడు. కొడుకును ముందుకు తోసి తను వెనక నిలబడటం ఆయనకు ఇంత సులువని ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆమె ఎరగదు.

"దాంతో కాగితం ఏదో వస్తుందటగా. అదన్నా ఇవ్వు" అంది సుహాస్‌తో.

"ఏ కాగితమూ రాలేదు. సప్లయర్ విడిగా ప్యాకెట్లు పంపాడు. పేరు కూడా లేదు వాటి మీద."

"పేరు లేని వస్తువును ఎం.టెక్. చదివినవాడివి ఎలా కొన్నావురా?"

సుహాస్ గోడ గడియారం చూశాడు. "లైనింగ్ మూడింటికల్లా కావాలమ్మా" అని బయటికి నడిచాడు, పోర్టికో వైపు కాదు, వంటింటి వెనక తలుపు వైపు.

*

కుట్టుగది కింది అంతస్తులో, మెట్ల పక్కన ఉంది. ఆదినారాయణ గొడుగులూ కిరీటాలూ చేసుకునే రోజుల్లో ఈ ఇంటిని నిలబెట్టింది ఈ గదిలోని మిషనే. జూబ్లీహిల్స్‌కి మారాక కుట్టక్కర్లేదని అందరూ అన్నారు. ఆమె వినలేదు. హీరోల కవచాల లోపల వేసే గుడ్డ ఇప్పటికీ ఆమే కుడుతుంది, ఇంకెవరి చేతికీ ఇవ్వదు.

మిషన్ ముందు కూర్చుంది. పెడల్ తొక్కడానికి మనసు రాలేదు. రేపు పొద్దున కోత. నాలుగింటికి ట్రయల్. రెండూ ఒకే తలలో ఎలా పట్టించాలో తెలియలేదు.

రెండు పొరల గుడ్డ. మొదట్లోనే ఆమె అడిగింది సుహాస్‌ని, ఇంత మందం ఎందుకురా, ఉక్కపోస్తుంది కదా అని. "హీరోగారికి చెమట ఎక్కువమ్మా, కవచం లోపలి పక్క ఒంటికి తగలకూడదు" అన్నాడు. మరి వెనకాల నిలబడే సైనికులకో? కృష్ణానగర్ నుంచి బస్సుల్లో వచ్చే ఆ రెండు వందల మందికీ ఒక్క పొర కూడా లేదు. వాళ్ళకు చెమట పట్టదేమో అనుకుని ఊరుకుంది. ఊరుకోవడం బాగా అలవాటైన ఇల్లు ఇది.

కత్తెర తీసి, అడుగు సొరుగులోంచి ఛాతీ కొలత కాగితం బయటికి లాగింది. దర్జీ పనిలో పెరిగిన ఎవరైనా చేసే పనే. కొలతలు ఒకసారి కాగితం మీద గీసి, కత్తిరించి, దాచుకుంటే ప్రతిసారీ దాన్ని గుడ్డ మీద పరిచి కోసుకోవచ్చు. కొత్త కాగితం ఎవరూ వాడరు. పాత క్యాలెండర్లు, పెళ్ళిపత్రికలు, ఒకవైపు అచ్చయిన ప్రింట్లు. ఈ హీరోగారి ఛాతీ అలాంటి నాలుగు కాగితాలు టేపుతో అతికించి చేసింది. మూడేళ్ళ నుంచి అదే వాడుతోంది. చంకల దగ్గర అంచులు మెత్తబడిపోయాయి.

గుడ్డ మీద పరుస్తూ ఉంటే ఫ్యాను గాలికి కాగితం తిరగబడింది.

వెనకవైపు ఇంగ్లీషు అచ్చు. మెడ దగ్గర గుండ్రంగా కోసిన చోటుకు కాస్త కింద ఒక బొమ్మ. మనిషి మొహం, ముక్కూ నోరూ కప్పిన మాస్కు. ఆ బొమ్మను ఆమె ఇంతకు ముందు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చూసి, తిరగేసి, చాక్‌పీసుతో గుండీల గుర్తులు పెట్టుకుంది.

ఇంటర్‌తో ఆగిపోయిన చదువు. అక్షరాలు కూడబలుక్కుంది. కార్బన్. నానో. ట్యూబ్స్. ఆ తర్వాత ఒక్క వాక్యమూ కొరుకుడు పడలేదు. ఫోన్ తీసి ఫొటో పట్టి తెలుగులోకి మార్చమంది. మేనకోడలు నేర్పిన విద్య, మందుల చీటీలు చదువుకోవడానికి. ఫోన్ ఇచ్చిన తెలుగు వంకరటింకరగా ఉంది. విషయం మాత్రం సూటిగానే ఉంది.

పొడి గాలిలోకి లేవనివ్వరాదు, ఒంటికి తగలనివ్వరాదు. పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో వాపు, మచ్చలు కనబడ్డాయి. వీటిలో కొన్ని రకాలు పొడవుగా, సూదుల్లా ఉండి, లోపలికి వెళితే సులభంగా బయటికి రావు. మనుషుల్లో ఏమవుతుందో ఇంకా పూర్తిగా తెలియదు; తెలిసేవరకు తగిన మాస్కు లేకుండా, గాలి లాగే యంత్రం లేకుండా పొడిని తెరవరాదు.

తిరుమలేశ్ ప్యాకెట్ పళ్ళతో చింపేవాడు. రెండు చేతులకూ జిగురు ఉంటుంది కదమ్మా అనేవాడు. పైన ఫ్యాను తిరుగుతుండేది.

ఆమె ఫోన్ పక్కన పెట్టి కాగితం దగ్గరగా పట్టుకుంది. ఒంటికి తగలకూడదు అన్న వరుస కింద పెన్సిల్ గీత ఉంది. పక్కన ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, హీరో సూట్, లైనింగ్ డబుల్. వాలుగా, తోకలు సాగదీస్తూ. ఆ చేతిరాత ఆమెకు సుహాస్‌ని బళ్ళో వేసిన రోజు నుంచి తెలుసు. పలక మీద ఆమే చెయ్యి పట్టుకుని దిద్దించింది.

మాస్కు బొమ్మ దగ్గర ఏ గీతా లేదు.

తలుపు దగ్గర అలికిడయింది. సుహాస్.

"లైనింగ్ ఎంతవరకు..." అని ఆగిపోయాడు. తల్లి చేతిలోది చూశాడు.

"కాగితం రాలేదన్నావు."

వాడు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"'ఇవి వేస్ట్ పేపర్లమ్మా, నీ కటింగ్‌కి పనికొస్తాయి' అని నువ్వే తెచ్చిచ్చావురా. నా చేతికే ఇచ్చావు" అంది.

"మర్చిపోయాను."

"చదివి గీత గీసింది కూడా మర్చిపోయావా?"

"మాస్కులు తెప్పించాను నేను!" సుహాస్ గొంతు పెరిగింది. "పెట్టెడు తెప్పించాను. వారం పెట్టుకుని, ఉక్కగా ఉందని తీసి పడేశారు. నాన్న అవెందుకు, బెల్లం చాలన్నారు. నువ్వు డబ్బా పట్టుకుని బయల్దేరావు. అందరం కలిసి చేసినదానికి నన్నొక్కణ్ణే నిలబెడతావేం?"

అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది.

"అది ఏమిటో వాళ్ళకు చెప్పావా?"

వాడు మిషన్ మీది గుడ్డ వైపు చూశాడు.

"ఉక్కపోసినా పెట్టుకోండి, ఇది మామూలు రంగు కాదు అని ఒక్కసారైనా చెప్పావా సుహాస్?"

"చెబితే ఎవరు కలుపుతారమ్మా?"

 అన్నాక ఆ మాట వాడికే వినిపించినట్టుంది, కుర్చీ వీపు పట్టుకున్నాడు. చిన్నప్పుడు తప్పు చేస్తే వచ్చి కొంగు పట్టుకునేవాడు. ఇప్పుడు పట్టుకోవడానికి కుర్చీ చూసుకున్నాడు. ఆమెకు వాణ్ణి కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది, ఆ రెండోదానికి తన మీదే కోపం వచ్చింది.

"పేరు నేను చెప్తాను" అన్నాడు చివరికి, మెల్లగా. "డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. ట్రయల్ అయిపోనీ. సాయంత్రం చేస్తాను. కాగితం మాత్రం ఇవ్వకమ్మా. అందులో నా రాత ఉంది. నాకు తెలిసీ చేశానని దాంతో రుజువవుతుంది."

"తెలిసే చేశావుగా."

"నీ కొడుకునమ్మా నేను."

రాజ్యలక్ష్మి లేచింది. కాగితం మడత పెట్టబోయి, మడిస్తే చిరుగుతుందని తెలిసి, అలాగే రెండు చేతులతో పట్టుకుంది. సినిమా హీరో ఛాతీ అంత కాగితం. సుహాస్ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె తప్పుకోమనలేదు. ఎదురుగా నిలబడింది, అంతే. ఎంతసేపు నిలబడ్డారో, హాల్లోంచి ఆదినారాయణ "లైనింగ్ అయిందా?" అని కేక వేశాడు. ఇద్దరిలో వాడే తప్పుకున్నాడు.

*

పోర్టికోలో ఎండ మెట్ల మీదికి వచ్చేసింది. పుష్పవల్లి కవరు నెత్తిన పెట్టుకుని కూర్చుంది. వాచ్‌మన్ ఇచ్చిన మంచినీళ్ళ సీసా పక్కన అలాగే ఉంది.

"పుష్పా" అని పిలిచింది రాజ్యలక్ష్మి. ఆమె లేచింది.

"ఇదే. పేరు ఇక్కడుంది. మిగతాదంతా డాక్టర్ గారికి అర్థమవుతుంది. ఇప్పుడే వెళ్ళు. కారు పంపిస్తాను."

"కార్లు ఒద్దమ్మా. ఆటోల పోత." పుష్పవల్లి కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "గిదేంది, జాకెట్ ముక్క లెక్క ఉన్నది?"

"కొలతలకు కోసుకున్నాను. వెనక అచ్చు ఉందని... నేను చూసుకోలేదు."

"ఎప్పటి సంది ఉన్నదమ్మా మీకాడ?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. నిన్ననే దొరికిందనవచ్చు. ఈమెకు తెలిసే దారి లేదు.

"మూడేళ్ళ నుంచి" అంది రాజ్యలక్ష్మి.

పుష్పవల్లి అరవలేదు. అరిస్తే బాగుండేది. కొంగు చివర ముడి విప్పి చిన్న కాగితం పొట్లం తీసింది. అందులో నల్లబడ్డ బెల్లంముక్కలు రెండు.

"దగ్గు మొదలైన కొత్తల నేను లొల్లి పెట్టుకున్న. ఆ పని ఇడిసిపెట్టు, గిట్ల దగ్గుతే ఎట్ల అని. జర ఫికర్ చెయ్యకే, అమ్మ బెల్లం పెడ్తది, ఏం గాదు అన్నడు. దవాఖానకు వొయ్యేటప్పుడు గూడ జేబుల ఏసుకున్నడు. ఇగ మింగ శాతనైతలేదు." పొట్లం మెట్టు మీద పెట్టింది. "మీయి మీరే ఉంచుకోండ్రి."

రాజ్యలక్ష్మి ఏదో అనాలని నోరు తెరిచింది. క్షమించు అనే మాట మరీ చిన్నదిగా అనిపించి మూసుకుంది.

పుష్పవల్లి కాగితాన్ని స్కాన్ ఫిల్ముల మధ్య పెట్టబోయి ఆగింది. ఎండకు ఎత్తి పట్టుకుంది. వేలితో ఒకచోట తడిమింది.

"నాకు ఇంగ్లీష్ రాదమ్మా. గని గిది అచ్చు గాదు గదా. పెన్సిల్‌తోని మనిషి రాసింది. ఎవలో సదివిండ్రు, గీత గీసిండ్రు." తల ఎత్తి సూటిగా చూసింది. "గీ రాత ఎవలది?"

వెనక, గుమ్మంలో, సుహాస్ వచ్చి నిలబడ్డాడని రాజ్యలక్ష్మికి తిరిగి చూడకుండానే తెలిసింది. వాడి ఊపిరి వినబడుతోంది. ఏ అడ్డమూ లేకుండా, హాయిగా లోపలికి పోయి బయటికి వస్తున్న ఊపిరి.

"డాక్టర్ సారు అడుగుతడు. ఎవలదమ్మా?"

రాజ్యలక్ష్మి మెట్టు మీది పొట్లం వైపు చూసింది.

"ఆలోచన చేసుకోండ్రి. కోత రేపు గదా, ఇంక మాపటిదాక టైమున్నది" అని పుష్పవల్లి ఎండలో, ఆ మెట్టు మీదే, మళ్ళీ కూర్చుంది.